ఎవల చెల్కల దిగుతవు?

టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు అప్పుడప్పుడు పత్రికల్లో ఒక ప్రకటన వేయిస్తుంటారు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న తమ కేంద్రం నుంచి పెద్ద పెద్ద బెలూన్లు వదులుతున్నామని, అవి 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయని, పని అయ్యాక వాటికి వేలాడే పరికరాలు రంగుల పారాచూట్లతో నేలకు దిగుతాయని అందులో ఉంటుంది. ఎక్కడెక్కడ దిగొచ్చో ఆ జిల్లాల పేర్లన్నీ వరసగా ఇస్తారు. అందులో మా జనగామ కూడా ఉంటుంది. దొరికినవాళ్లు ముట్టుకోవద్దు, విప్పొద్దు, కొన్నింట్లో హై ఓల్టేజీ ఉండొచ్చు, దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌లోనో పోస్టాఫీసులోనో చెప్పండి, తగిన బహుమతి ఇస్తాం అని చివర్న రాస్తారు.

బెలూన్ ఎక్కాలని సరదా పడే ప్రతివాడూ ముందు ఈ ప్రకటన చదవాలంటాను. ఎందుకంటే ఇందులో ఎగరేసేవాడి గొప్ప ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా పత్తిచేలో నిలబడి పైకి చూసేవాడి కోసమే. బెలూన్ సంగతులు చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఇదే: ఈ సరదాలో సగం వాటా గంపలో ఉన్నవాడిది కాదు. ఆ సగంలో మా బచ్చన్నపేట మండలం వాళ్లం, ఒక్కరం కూడా గాల్లోకి లేవకుండానే, ఎప్పటినుంచో ఉన్నాం.

ఇలాంటి ప్రకటన ఈ మధ్య పుట్టింది కూడా కాదు. 1783 ఆగస్టు 27న పారిస్‌లో జాక్ షార్ల్ అనే పెద్దమనిషి హైడ్రోజన్ నింపిన బెలూన్ వదిలాడు. మనిషి లేని బెలూన్. అది ముప్పావుగంట ఎగిరి గొనెస్ అనే పల్లెలో పడింది. నేల మీద పొర్లుతూ, గ్యాస్ బుసలు కొడుతుంటే ఊరివాళ్లు దాన్ని ఏదో భూతమనుకున్నారు. పంగకర్రలతో పొడిచి చీల్చారు. ఆపైన గుర్రం తోకకు కట్టి ఈడ్చారని కూడా చెప్తారు. ఆ తర్వాత ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రజలకు ఒక ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది: ఆకాశంలో ఇలాంటిది కనిపిస్తే జడుసుకోకండి, ఇది యంత్రం, దీంతో ఏ కీడూ లేదు, రేపు పనికొస్తుంది అని. బెలూన్ పుట్టిన ఏడాదే దాని కిందున్న రైతుకు ఉత్తరం కూడా పుట్టింది.

2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఒక ఊరి పొలంలో అలాంటిదే దిగింది. తెల్లటి పెద్ద గూడు లాంటిది, లోపల ఎవరూ లేరు. స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే కంపెనీ, మనుషుల్ని గాలి పలచబడే ఎత్తు దాకా తీసుకుపోయే ఆలోచనతో, ఆ హైదరాబాద్ కేంద్రం నుంచే పరీక్షగా పంపిన క్యాప్సూల్ అది. జనం గుమిగూడారు. ఈసారి చేతుల్లో పంగకర్రలు లేవు, సెల్‌ఫోన్లు ఉన్నాయి. రెండు వందల ఏళ్లు దాటిన తేడా అదొక్కటే అనిపించింది నాకు. ఇదేంటి, ఎక్కడిది, ఎవడొచ్చి తీసుకుపోతాడు అన్న ప్రశ్నలు గొనెస్‌లో అడిగినవే.

ఆ కేంద్రం గురించి ఇంకో రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. 1969 నుంచి అక్కడ నడుస్తోంది. అంతకుముందు ఉస్మానియా ప్రాంగణం నుంచి కూడా ఇలాంటి బెలూన్లు లేచాయి. హైదరాబాద్ భూఅయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడంతో, విశ్వకిరణాల్లోని విద్యుదావేశ కణాల గోల ఇక్కడ తక్కువ. పైనుంచి వచ్చే ఎక్స్ కిరణాలను పట్టుకోవడం తేలిక. పైగా బెలూన్ తూర్పుకు పోయినా పడమటికి పోయినా చాలా దూరం నేలే ఉంటుంది, పరికరం సముద్రం పాలు కాదు. 2005 ఏప్రిల్‌లో ఇక్కడి నుంచి లేచిన ఒక బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని స్టీలు గొట్టాల్లో పట్టుకొచ్చింది. అందులో అంతవరకు ఎవరూ చూడని మూడు రకాల బ్యాక్టీరియా దొరికాయని 2009లో ప్రకటించారు. పరీక్షించినవాళ్లలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. అంత ఎత్తున దొరికిన సంగతి కూడా చివరికి ఏదో ఒక చేను గట్టున దిగి, ఎవరో ఒకరు ఫోన్ చేస్తే గానీ లోకానికి తెలియదు.

అయితే ఆ బెలూన్లు నన్నెక్కించుకోవు. సరదాకు ఎక్కేది వేడిగాలి బెలూన్. దాని కథ కూడా 1783దే. మోంగోల్ఫియర్ అన్నదమ్ములు కాగితాల తయారీ కుటుంబం వాళ్లు. నవంబర్ 21న వాళ్ల బెలూన్‌లో పిలాత్ర్ ద రోజియే, మార్క్వీ దార్లాంద్ అనే ఇద్దరు పారిస్ మీద పాతిక నిమిషాలు ఎగిరారు. గడ్డి మంట వేసుకుంటూ, మంట బట్టకు అంటుకున్నచోట తడి స్పాంజితో అద్దుకుంటూ పోయారు. అలాంటి ప్రయాణాన్ని హాబీ అనుకోవడానికి చాలా ధైర్యం కావాలి. మామూలు మనిషి అందులోకి దిగడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 22న అమెరికాలో ఎడ్ యోస్ట్ అనే ఆయన ప్రొపేన్ మంటతో, నైలాన్ బట్టతో పైకి లేచాడు. ఇప్పుడు మనం చూసే రంగురంగుల బెలూన్లన్నీ దాని సంతానమే.

నేను మొదటిసారి ఇలాంటిదాన్ని చేత్తో తాకింది పొల్లాచ్చిలో. 2015 నుంచి తమిళనాడువాళ్లు పొంగల్ రోజుల్లో అక్కడ బెలూన్ పండుగ చేస్తున్నారు. మన దగ్గర 2017 నవంబర్‌లో అరకులోయలో చేశారు. ఈ పండుగల్లో జనం ఎక్కువగా ఎక్కేది తాళ్లతో నేలకు కట్టేసిన బెలూన్. కొంచెం ఎత్తుకు లేచి, అక్కడే ఊగి, దిగిపోతుంది. ఫోటోకు సరిపోతుంది. కానీ నేర్చుకోవాలనుకునేవాడు క్యూలో కాకుండా వెనకవైపు, సామాను జీపు దగ్గర నిలబడాలి. అక్కడ ఎప్పుడూ మనుషులు తక్కువే. ఖాళీ చేతులతో కనిపిస్తే చాలు, పని చెప్తారు.

పని తెల్లారకముందే మొదలవుతుంది. మంచుకు తడిసిన గడ్డి మీద టార్పాలిన్ పరిచి, సంచిలోంచి బట్ట లాగి పొడవునా పరచాలి. ఇద్దరు మూతి దగ్గర నిలబడి చేతులు చాచి తెరిచి పట్టుకోవాలి. పెద్ద ఫ్యాన్ లోపలికి చన్నీటి లాంటి గాలి కొడుతుంది. ఒకడు బెలూన్ నెత్తిన కట్టిన తాడు పట్టుకొని దూరంగా నిలబడి, బట్ట ఎటూ దొర్లకుండా ఆపుతాడు. సగం ఉబ్బాక పైలట్ మంట వదులుతాడు. మొహం మీదికి సెగ కొట్టి, చెవులు దిమ్మెక్కుతాయి. పడుకున్న బెలూన్ మెల్లగా లేచి నిలబడితే గంప కూడా దానితో నిలబడుతుంది. గంప ఇప్పటికీ బెత్తంతో అల్లినదే. అంత ఆధునిక బట్ట కింద ఈ పాతకాలపు గంప ఏమిటని అడిగాను. దిగేటప్పుడు నేలకు కొట్టుకుంటే బెత్తం వంగి దెబ్బను మింగుతుందట. లోహమైతే ఆ దెబ్బ మోకాళ్లకు చేరుతుంది.

అంతా అయ్యాక వాళ్లు పైకి పోతారు, మనం జీపెక్కి వెంటబడతాం. చేజ్ అంటారు దీన్ని. ఈ సరదాలో కొత్తవాడికి దొరికే మొదటి ఉద్యోగం అదే, జీతం లేని ఉద్యోగం. నాకు అది చాలా నచ్చింది. పైనున్నవాడికి దారి అక్కర్లేదు. కిందున్నవాడికి ప్రతి డొంకా, ప్రతి కల్వర్టూ, తాళం వేసిన ప్రతి గేటూ తెలియాలి.

పొద్దున్నే ఎందుకు? లెక్క చాలా సింపుల్. ముగ్గురు నలుగురిని మోసే బెలూన్‌లో 2,200 ఘనమీటర్ల గాలి పడుతుంది. దాన్ని నూరు డిగ్రీలకు వేడిచేస్తే అది బయటి గాలికన్నా తేలికవుతుంది, ఆ తేడాయే మోసే బలం. బయట 12 డిగ్రీల చలి ఉంటే ఆ బలం సుమారు 600 కిలోలు. బయట 38 డిగ్రీలుంటే 400కు పడిపోతుంది. బట్ట, గంప, బర్నర్, గ్యాస్ సిలిండర్ల బరువే 300 దాకా ఉంటుంది. అంటే మా మే నెలలో ఎగిరితే పైలట్‌కు తోడు ఇంకెవరూ పెద్దగా పట్టరు. ఎండ పెరిగితే ఇంకో చిక్కు కూడా ఉంది. నల్లరేగడి, ఎర్రచెల్క, బండరాయి ఒక్కోటి ఒక్కో తీరుగా కాగి, గాలి సుడులు తిరిగి లేస్తుంది. గద్దలకు అది పండుగ. బెలూన్‌కు ముప్పు. అందుకే పొద్దు పొడిచాక గంటా రెండు గంటలు, మళ్లీ పొద్దు గుంకేముందు కాసేపు. అంతే.

బెలూన్‌కు స్టీరింగ్ ఉండదన్నది అందరికీ తెలుసు. కానీ పైలట్ ఊరికే కూర్చోడు. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో వైపు పోతుంది. నేల దగ్గర గాలిని చెట్లు, గుట్టలు, ఇండ్లు ఆపుతుంటాయి. పైకి పోయేకొద్దీ ఆ అడ్డు తగ్గుతుంది. మన ఉత్తరార్ధగోళంలో మామూలుగా ఎత్తు పెరిగేకొద్దీ గాలి కుడివైపు తిరుగుతుంది. చలికాలంలో బచ్చన్నపేట నేల మీద ఈశాన్యపు గాలి మెల్లగా వీస్తుంటే, కొంత పైన తూర్పు గాలి దొరకొచ్చు. అంటే కిందికి ఉంటే నైరుతికి పోతాం, పైకి పోతే పడమటికి, సిద్దిపేట జిల్లా వైపు. ఎడమకు కావాలంటే దిగడం, కుడికి కావాలంటే లేవడం. పైలట్ చేతిలో ఉన్న నేర్పంతా అదే. అది కూడా ముందుచూపుతో చేయాలి. లోపలున్న వేడిగాలే రెండు టన్నులు. మంట వేసిన కొన్ని సెకన్లకు గానీ అంత బరువు మాట వినదు.

గాలిని చూసుకోవడానికి బయల్దేరేముందు చిన్న హీలియం బుగ్గ ఒకటి వదిలి, అది ఎటెటు మళ్లుతుందో చూస్తారు. వాతావరణశాఖ కూడా హైదరాబాద్ నుంచి రోజూ పొద్దున అయిదున్నరకు బెలూన్ పంపి పైగాలుల లెక్క తీస్తుంది. కానీ నా మండలంలో అరవై డెబ్బై అడుగుల ఎత్తున గాలెట్లుందో ఎవరు చెప్పాలి?

కల్లుకు తాళ్లెక్కే గౌడన్న చెప్పాడు. మోకు, ముస్తాదు కట్టుకొని ఆయన చెట్టెక్కేది సరిగ్గా బెలూన్లెగిరే వేళల్లోనే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అడిగితే నవ్వలేదు. చాలా మామూలుగా చెప్పాడు: "తమ్మీ, కింద ఆకు గూడ మెదలది. పైకెక్కితె మట్టలు గలగలమంటయి. చలికాలం పొద్దుగాల కింద ఒక తీరుంటది, పైన ఒక తీరు. పొద్దెక్కినంక రెండొక్కటైతయి." వాతావరణ పుస్తకంలో రెండు పేజీలు చదివి నేను తెలుసుకున్నది ఇదే. రాత్రి నేల చల్లబడి దాని మీద చల్లగాలి పొర కదలకుండా పడుకుంటుంది. పైగాలి దాని మీదుగా జారిపోతుంది. ఎండెక్కితే పొర చెదిరి రెండూ కలుస్తాయి. చాటతో తూర్పారబట్టిన ముసలివాళ్లకు కూడా ఇదంతా తెలుసు. గాలి నిలకడగా ఒక్క వైపు వీచే గడియ కోసం కల్లంలో కాచుక్కూర్చున్నవాళ్లు కదా. హార్వెస్టర్ వచ్చాక ఆ చూపుతో ఎవరికీ పనిలేకుండా పోయింది.

ఇక మా కాక. పత్తి ఏరి మూట కడుతుండగా ఈ ముచ్చటంతా ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఎంత ఎత్తు పోతుంది, ఎంత ఖర్చు, పేలుతుందా అని అడుగుతాడనుకున్నాను. అవేవీ అడగలేదు.

"గాలెటు పోతె అటు పోతవు. మంచిగనే ఉన్నది. మరి దిగుడు ఎవల చెల్కల దిగుతవు?"

ఎవరి చేను వీలుగా ఉంటే వాళ్ల చేనులో, అన్నాను.

"అడగకుండనే?"

గాల్లోంచి ఎట్లా అడుగుతాం కాకా?

"గదే. ముందుగాల అడిగిపెట్టుకోవాలె."

బెలూన్ నడిపేవాళ్లు రాసుకున్న నియమాల్లో ఇది ముఖ్యమైనది. రైతు అనుమతి లేకుండా జీపు చేనులోకి తేవొద్దు, నిలిచిన పంటలో దిగొద్దు, పశువుల మీద మంట మోత పెట్టొద్దు, తీసిన కంచె తీసినట్టే వదలొద్దు. వీటిని చదివినప్పుడు మర్యాదలనుకున్నాను. కాక అడిగాక అర్థమైంది, ఇవి లేకపోతే ఆట మొత్తం ఆగిపోతుందని. విమానానికి రన్‌వే ఉంటుంది, దానికో యజమాని, ఓ రుసుము ఉంటాయి. బెలూన్‌కు రన్‌వే ఏ రోజుకారోజు ఎవరిదో ఒకరి పట్టా భూమి. 2005 నవంబర్ 26న విజయ్‌పత్ సింఘానియా ముంబై నుంచి లేచి 21 కిలోమీటర్లు దాటి వేడిగాలి బెలూన్ ఎత్తులో ప్రపంచ రికార్డు కొట్టాడు. అంత పెద్ద పారిశ్రామికవేత్త, అరవై ఏడేళ్ల వయసులో, అంత ఎత్తుకు పోయి దిగింది నాసిక్ జిల్లాలో ఒక పల్లె పక్కన.

అప్పటినుంచి నేను మండలం మ్యాపు ముందేసుకొని ఎగరడానికి బదులు దిగడం లెక్కలు వేస్తున్నాను. ఇది తేలిక కాదు. గాలి బాగుండేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఆ నెలల్లో చెల్కల్లో పత్తి ఉంటుంది, దాని పక్కన కంది. పత్తి విచ్చి తెల్లగా ఉన్న చేను పైనుంచి చాలా అందంగా కనిపిస్తుంది కాబోలు. కానీ గంప అందులో ఈడ్చుకుపోతే రైతు సంవత్సరం కష్టం పోతుంది. ఇక పొలాలు. వానాకాలం వరి నవంబర్‌లో కోతకొస్తుంది, యాసంగి నాట్లు డిసెంబర్ చివర్న మొదలవుతాయి. మధ్యలో కొన్ని వారాలు మడులు కొయ్యకాళ్లతో ఖాళీగా ఉంటాయి. తడి ఆరిందా లేదా చూసుకుంటే అవే మన విమానాశ్రయాలు. దేవాదుల ఎత్తిపోతల నీళ్లొచ్చి చెరువులు నిండిన ఏడాది వరి పెరుగుతుంది కాబట్టి ఖాళీ మడులూ ఎక్కువే. కరువు ఏడాది పడావు పడ్డ చెల్కలే ఎక్కువ. కరువులో దిగడం సులువు అనే మాట మాత్రం కాక ముందు అనలేదు, అనను కూడా.

అసలు భయం కరెంటు తీగలు. మాది బోర్ల సేద్యం. ప్రతి బోరుకూ ఓ తీగ, ప్రతి నాలుగైదు చేలకు ఓ ట్రాన్స్‌ఫార్మర్, చెట్ల మధ్య దాక్కున్న పదకొండు కేవీ లైన్లు. బెలూన్ ప్రమాదాల్లో చాలా చెడ్డవి కొన్ని ఈ తీగలతోనే జరిగాయి. 2012లో న్యూజీలాండ్‌లోని కార్టర్టన్‌లో 11 మంది, 2016లో టెక్సస్‌లోని లాక్‌హార్ట్‌లో 16 మంది అలాగే పోయారు. తీగ పైనుంచి సరిగా కనపడదు, స్తంభాలు కనపడతాయి. అందుకని స్తంభాన్ని చూసి తీగను ఊహించుకోవడం నేర్పుతారు. ఇది నేను ఇప్పుడు మోటార్ సైకిల్ మీద పోతూ నేర్చుకుంటున్నాను. చిన్నప్పటినుంచి తిరిగిన బాటలే. కొడవటూరు సిద్ధులగుట్ట దాకా పోయే దారిలో ఇన్ని తీగలున్నాయని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

లైసెన్స్ సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెప్తాను. మన దేశంలో బెలూన్ పైలట్ లైసెన్స్ ఇచ్చేది పౌర విమానయాన సంస్థ డీజీసీఏ. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 16 గంటలు ఎగరాలి, అందులో ఎనిమిదిసార్లయినా నేలనుంచి లేవాలి, ఒకసారి ఒంటరిగా లేవాలి. వైద్య పరీక్ష, రాత పరీక్ష, ఎగిరిన ప్రతిసారీ గగనతల అనుమతి మామూలే. పదహారు గంటలంటే తక్కువే అనిపిస్తుంది. గాలి కుదిరిన పొద్దులు మాత్రమే లెక్కలోకొస్తాయి కాబట్టి అవి గడవడానికి చాలా కాలం పడుతుంది. సొంతంగా కొత్త బెలూన్ కొనాలంటే ఖర్చు పదుల లక్షల్లోకి పోతుంది. అందుకే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం, లేదా ఎవరి దగ్గరో చేయి కలిపి పనిచేస్తూ నేర్చుకోవడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. జైపూర్‌లోనో పుష్కర్‌లోనో డబ్బు కట్టి ఒకసారి ఎక్కి చూడటం మంచిదే, అక్కడితో సరదా తీరిపోయేవాళ్లే ఎక్కువ. తీరనివాడు సామాను జీపు దగ్గరికి వస్తాడు.

ఇక దిగినచోట రైతుకు ఏమివ్వాలన్న విషయం మిగిలింది. ఫ్రాన్స్‌లో తొలి రోజుల్లో గంపలో శాంపేన్ సీసా ఒకటి పెట్టుకునేవారట, దిగిన చోట పల్లెవాళ్లు పంగకర్రలతో రాకముందే, మేమూ మనుషులమే అని చూపించుకోవడానికి. బెలూన్ వాళ్లు చెప్పుకునే కథ, నిజమెంతో గానీ ఆచారం మాత్రం నిలిచిపోయింది. ఇది కాకకూ గౌడన్నకూ కలిపి ఓ సాయంత్రం చెప్పాను. మరి మేం ఏం పట్టుకొస్తే బాగుంటుందని అడిగాను. కాక ఆలోచనలో పడ్డాడు. చాయ్‌పత్తి, చక్కెర అన్నాడు మొదట. తర్వాత, కంది కోసినంక తన చెల్కలో దిగితే ఏమీ అక్కర్లేదన్నాడు, తనను కూడా ఒకసారి ఎక్కించుకొని పోతే చాలట, అయితే కొమురవెల్లి దాకానైనా పోవాలట.

గౌడన్నకు మాత్రం ప్రశ్నే వింతగా తోచింది. "నువ్వెందుకు తెస్తవు తమ్మీ? మా ఊర్లె దిగినోనివి. నువ్వు దిగే యాలకు నేను చెట్టు దిగుత. లొట్టి నా దగ్గరనే ఉంటది గద."